నిమ్మ గజ్జికి కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి: తోటలో వాడి రాస్తున్న సమీక్ష

మాది సైదాపురం వైపు నాలుగెకరాల నిమ్మతోట. కాయ గూడూరు మార్కెట్టుకు వెళ్తుంది, అక్కడ ధర పడిపోతే పొదలకూరుకు. ఈ సమీక్ష యాభై శాతం కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి పొడి మందు గురించి. చాలా కంపెనీలు దీన్ని అమ్ముతున్నాయి. లోపలి సరుకు ఒకటే కాబట్టి నేను ఏ ఒక్క బ్రాండు గురించీ చెప్పడం లేదు. గజ్జి తెగులు మీద ఈ మందుకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒక మార్కు ఎందుకు తగ్గించానో కాస్త విడమరచి చెప్పాలి. ఎందుకంటే మా ఊళ్లో సగం మంది దీన్ని దండగ మందు అంటారు, మిగతా సగం మంది ఇదొక్కటి కొడితే చాలంటారు. ఇద్దరి మాటా విన్న రైతు నష్టపోతాడు.

ముందుగా తెగులు సంగతి. గజ్జి శిలీంధ్రం వల్ల వచ్చేది కాదు, బాక్టీరియా తెగులు. దాని పేరు జాంథోమోనాస్ సిట్రి. గజ్జి సోకిన ఆకు ఒకటి తెంపి ఎండకు అడ్డంగా పట్టుకుని చూడండి. గోధుమ రంగు మచ్చ, దాని అంచున నూనె తగిలినట్టు తడిసిన గీత, దాని చుట్టూ పసుపు వలయం కనిపిస్తాయి. తర్వాత కళ్లు మూసుకుని ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దండి. మచ్చ పైవైపూ అడుగువైపూ రెండు పక్కలా ఉబ్బి గరుకుగా తగులుతుంది. కాయ మీద అయితే పసుపు వలయం అంతగా ఉండదు. మచ్చ మధ్యలో గుంటపడి, బెండులాగా పగిలి ఉంటుంది. మంగు నల్లి అనే సన్నటి పురుగు గీకిన కాయను చూసి గజ్జి అనుకుని రాగి మందు కొట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. మంగు పట్టిన తొక్క తుప్పు రంగుకు తిరుగుతుంది, కానీ అక్కడ గజ్జి పొక్కుల్లా పైకి లేచి పగిలినవేవీ ఉండవు. వేలితో తడిమితే ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది. దానికి మందుల కొట్టు దాకా వెళ్లనక్కర్లేదు.

గజ్జి కాయ తొక్క మీదే ఉంటుంది. లోపల రసం బాగానే ఉంటుంది, ఇంట్లో పచ్చడికి ఏ ఇబ్బందీ లేదు. కానీ మార్కెట్టులో కాయను కొనేది తొక్క చూసే. బస్తా విప్పి గుమ్మరించగానే దూరం పోయే కాయ ఒక పక్కకు, మచ్చ కాయ ఒక పక్కకు పోతాయి. ఆ రెండింటి ధరల మధ్య తేడాయే మా ఏడాది కష్టం. అందుకే ఈ మందును ఇంత పట్టుగా పరీక్షించి చూస్తాను.

ఇప్పుడు అసలు విషయం. రాగి మందు వైద్యం చేయదు, కాపలా కాస్తుంది. పొడి నీళ్లతో కలిసి ఆకు మీద సన్నటి పూతగా ఆరిపోతుంది. మంచుకో వానకో ఆకు తడిసినప్పుడల్లా ఆ పూతలోంచి కొంచెం కొంచెంగా రాగి కరిగి, ఆకు మీద వాలిన బాక్టీరియాను చంపుతుంది. బాక్టీరియా ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దిగిపోయిందా, ఇక ఈ మందు దాన్ని ఏమీ చేయలేదు. ఒకసారి వచ్చిన మచ్చ ఆ ఆకు రాలేదాకా మచ్చగానే ఉంటుంది. మందు కొట్టిన వారానికి తోటలోకి వెళ్లి పాత మచ్చలను చూసి, "పోలేదే, డబ్బు దండగ" అనడం అన్యాయం. పాత ఆకులను చూడకండి. మందు కొట్టాక వచ్చిన చిగురును చూడండి, పిందెలను చూడండి. మా తోటలో అలా చూసినప్పుడే దీని విలువ తెలిసింది. వేళకు మందు పడిన వరసల్లో లేత ఆకులు శుభ్రంగా విచ్చుకున్నాయి. కాలువ అవతలి పక్కన ఆలస్యంగా పడిన చెట్లలో చిగురు చిగురంతా చుక్కలే. ఒకే తోట, ఒకే ప్యాకెట్టు. వేళ ఒక్కటే తేడా.

వేళ అంటే ఏమిటో కూడా చెప్పాలి. నిమ్మ ఆకు పుట్టగానే కాదు, సగం నుంచి ముప్పావు వంతు విచ్చుకున్న దశలో తెగులుకు బాగా లొంగుతుంది. పూర్తిగా ముదిరి గట్టిపడ్డాక, గాయం తగిలితే తప్ప అంతగా లొంగదు. కాయకు పూరేకులు రాలినప్పటి నుంచి దాదాపు మూడు నెలలు గండం. ఆకుగానీ పిందెగానీ పెరిగే కొద్దీ, పూత అంటని కొత్త చర్మం బయటపడుతూ ఉంటుంది. పెరిగే పిల్లవాడికి నిరుడు కుట్టించిన చొక్కా ఎంత సరిపోతుందో, పోయిన నెల కొట్టిన మందు ఈ నెల పిందెకు అంతే సరిపోతుంది. అందుకే చిగురు పడుతున్నప్పుడు ఒకసారి, ఆ తర్వాత సుమారు ఇరవై రోజుల ఎడంతో మళ్లీ, పిందె గట్టిపడేదాకా కొట్టాలి. ఏడాది పొడవునా క్యాలెండరు చూసి కొట్టమని కాదు. చిగురూ పిందే లేని రోజుల్లో కొట్టిన రాగి నేలపాలే. నేలలో చేరిన రాగి ఎక్కడికీ పోదు, కుళ్లదు, ఆవిరి కాదు. ఏళ్ల తరబడి పై మట్టిలోనే పేరుకుని వానపాములకు చేటు చేస్తుంది. పిల్లలకు ఇవ్వాలనుకుంటున్న నేల ఇది. అవసరం లేని ఒక్క ట్యాంకు కూడా పోయడం నాకు ఇష్టం లేదు.

మోతాదు లీటరుకు 3 గ్రాములు. పదహారు లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు ట్యాంకుకు 48 గ్రాములు పడుతుంది, అంటే 500 గ్రాముల ప్యాకెట్టు పది ట్యాంకులకు వస్తుంది. గుప్పెడు లెక్కన వేయకండి. తక్కువైతే పూత నిలవదు. ఎక్కువైతే, అందులోనూ మిట్టమధ్యాహ్నం ఎండలో కొడితే, లేత చిగురు అంచులు మాడతాయి. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగిస్తే మంచిది. నిమ్మ ఆకు రంధ్రాలు ఎక్కువగా అడుగువైపే ఉంటాయి. కూలీలు సాధారణంగా పైనుంచి కొట్టుకుంటూ పోతారు. దగ్గరుండి నాజిల్‌ను కిందినుంచి పైకి తిప్పించి, చెట్టు గుబురు లోపలి కొమ్మలు కూడా తడిచేలా చేయించాలి. ఆకు అడుగు తడవకపోతే మంచి మందు కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

పొడిలో నాకు నచ్చని గుణం ఒకటుంది. ఇది నీళ్లలో కరిగేది కాదు, సన్నటి రేణువులుగా నీళ్లలో కలిసి ఉండేది. నేరుగా ట్యాంకులో పోస్తే ఉండలు కడుతుంది. ముందు చిన్న ప్లాస్టిక్ మగ్గులో కొద్ది నీళ్లతో జారుగా కలిపి, గుడ్డలో వడకట్టి, ఆ తర్వాత ట్యాంకులో పోయాలి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ట్యాంకును ఒకసారి కుదపాలి. లేకపోతే మొదటి చెట్లకు పలుచటి నీళ్లు, చివరి చెట్లకు బురద. కొనేటప్పుడు నేను ఒక పరీక్ష చేస్తాను. గాజు గ్లాసులో నీళ్లు పోసి, చిటికెడు పొడి పైన చల్లి కలపకుండా చూస్తాను. మంచి పొడి తనంతట తానే తడిసి, లేత ఆకుపచ్చ మబ్బులా నీళ్లంతా పరుచుకుంటుంది. పాతబడింది, చెమ్మ తగిలింది అయితే పైనే తెట్టులా తేలుతుంది, లేదా ఇసుకలా అడుగుకు దిగిపోతుంది. ఒక కంపెనీ ప్యాకెట్టు ఇలాగే అడుగుకు దిగి, నాజిల్ మూసుకుపోయి, సగం పూట పని చెడగొట్టింది. చూస్తే గడువు తేదీ దగ్గరపడిన సరుకు. కొట్టతను బిల్లు మీద బ్యాచ్ నంబరు రాసి ఇచ్చినందువల్ల మార్చగలిగాను. బిల్లు లేకుండా మందు కొనకండి.

కొట్టు మాట వచ్చింది కాబట్టి, అక్కడ వినబడే మరో మాట గురించి. రాగి పొడి అడిగితే, "అమ్మా, దీంతో ఈ చిన్న ప్యాకెట్టు కూడా కలపాలి, అప్పుడే గజ్జి తగ్గుతుంది" అంటూ స్ట్రెప్టోసైక్లిన్ చేతిలో పెడతారు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే రెండు యాంటీబయాటిక్‌ల మిశ్రమం అది. పది లీటర్లకు గ్రాము చొప్పున రాగితో కలిపి కొట్టాలని పాత పుస్తకాల్లో, పాత కరపత్రాల్లో ఉన్న మాట నిజమే. కానీ స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగులకు ఇచ్చే మందు. పంటల మీద పదే పదే చల్లితే దాన్ని తట్టుకునే బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఈ రెండింటినీ సాగులో నిషేధించేందుకు ముసాయిదా ఉత్తర్వు కూడా ఇచ్చింది. నేను రాగి పొడిని ఒంటరిగానే కొడతాను. వేళ తప్పకుండా, కొమ్మలు కత్తిరించి కొడితే నా తోటకు ఆ చిన్న ప్యాకెట్టు లోటు కనబడలేదు. రాగి కూడా ఎప్పటికీ ఇలాగే పనిచేస్తుందన్న భరోసా లేదు సుమా. అర్జెంటీనాలో రాగిని తట్టుకునే గజ్జి బాక్టీరియాను 1990లలోనే గుర్తించారు. అవసరానికి మించి కొట్టవద్దని నేను అనడానికి అది రెండో కారణం.

ఇంట్లో చేసుకునే బోర్డో మిశ్రమంతో దీన్ని పోల్చకుండా సమీక్ష పూర్తి కాదు. బోర్డోకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో కాల్చిన సున్నం, వంద లీటర్ల నీళ్లు కావాలి. కిలో మైలుతుత్తంలో ఉండే అసలు రాగి పావు కిలో. 500 గ్రాముల ఆక్సీక్లోరైడ్ ప్యాకెట్టులోనూ రాగి పావు కిలోనే. అంటే ఒక ప్యాకెట్టు, ఒక కిలో మైలుతుత్తం రాగి లెక్కన సమానం. బోర్డోలో అది వంద లీటర్లలోనే ఉంటుంది కాబట్టి పూత చిక్కగా పడుతుంది, వానకు కూడా మెరుగ్గా నిలుస్తుంది. కానీ శ్రమ ఎక్కువ. మైలుతుత్తాన్ని ఇనప బక్కెట్టులో కలపకూడదు, ప్లాస్టిక్ డ్రమ్ములోనో మట్టి తొట్టిలోనో కలపాలి. సున్నం తేట చేసి వడకట్టాలి. మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ కలియబెట్టాలి గానీ, సున్నాన్ని మైలుతుత్తంలోకి పోయకూడదు. కలిపాక తోమి మెరుగుపెట్టిన కొడవలి కొసను అందులో కాసేపు ముంచి తీస్తాను. ఇనుము మీద ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు. అలాగే కొడితే చిగురు మాడిపోతుంది. ఇంకాస్త సున్నపు తేట పోసి, కొడవలి తెల్లగా తిరిగి వచ్చేదాకా చూడాలి. చేసిన మిశ్రమం ఆ రోజే వాడేయాలి. మంచి సున్నం దొరికి, మనుషులు ఉన్నప్పుడు నాకు బోర్డోయే ఇష్టం. వాయుగుండం కబురు టీవీలో వచ్చి, రేపో ఎల్లుండో గాలివాన అని తెలిసినప్పుడు డ్రమ్ములు కడుగుతూ కూర్చోలేం. అప్పుడు ఈ పొడి ప్యాకెట్టే దిక్కు. ఆ తొందరలో చేతికి అందడమే దీని గొప్ప. నాలుగు మార్కుల్లో ఒకటి అందుకే.

ఇక తగ్గించిన మార్కు. గజ్జి బాక్టీరియా ఒక్క వానతోనే పాకదు, గాలితో కూడిన వానతో పాకుతుంది. గాలి సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు సుమారు 29 కిలోమీటర్ల వేగం దాటితే వాన నీటిని ఆకు రంధ్రాల్లోకి నెట్టేస్తుంది. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వచ్చే వాయుగుండాలకు ఆ వేగం ఒక లెక్కా? రెండు రోజులు ఎడతెరిపి లేకుండా ఉరిమి కురిస్తే పొడి మందు చాలావరకు కడుక్కుపోతుంది. కొమ్మలు ఒకదానికొకటి రాసుకుని, ముళ్లు ఆకులను చీరి, ప్రతి గాయమూ ఒక వాకిలి అవుతుంది. ఆ రోజుల్లో ఈ మందు తోటను పూర్తిగా కాపాడుతుందని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. పూత ఆకుకు అంటుకునేలా చేసే జిగురు మందు కలిపితే కొంత నయం, అంతే. వాన వెలిశాక, ఆకులు ఆరాక మళ్లీ కొట్టాల్సిందే.

మరో లోపం మంగు. మంగు నల్లిని చంపే ఒక మేలు చేసే శిలీంధ్రం తోటలో సహజంగా ఉంటుంది. రాగి దాన్ని కూడా చంపుతుంది. రాగి ఎక్కువగా కొట్టిన తోటలో గజ్జి తగ్గి, మంగు పెరగడం అందుకే. ఒక మచ్చ తప్పించుకుని మరో మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది. కాయ మీద నీలిపచ్చ మరక కూడా ఉండిపోతుంది కనుక కోతకు ముందు మందు ఆపేయాలి. ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబులు చూసి పాటించండి.

ఈ పొడి మంచి ఫలితం ఇవ్వాలంటే తోటలో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని వదిలేసి మందును తిట్టడం సరికాదు. బాక్టీరియా ఎక్కువగా దాగేది గజ్జి సోకిన పుల్లల మీది మచ్చల్లో. వానలు రాకముందే ఆ పుల్లలను, చెట్టు మొదట్లోంచి లేచే నీటి కొమ్మలను కత్తిరించి, తోట బయట కాల్చేయాలి. గట్ల మీద పోగుపెట్టి వదిలేస్తే చేసిన పని వృథా. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి; దానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు చాలు. కత్తెరను చెట్టుకూ చెట్టుకూ మధ్య బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచి తీయాలి. ఆకు తొలుచు పురుగు సంగతి ఇంకా ముఖ్యం. లేత ఆకు మీద వెండి గీతలా వంకర్లు తిరుగుతూ అది తవ్వే సొరంగం బాక్టీరియాకు రాచబాట. ఆ పురుగు పడిన ఆకు మీద గజ్జి మచ్చలు చుక్కలుగా రావు, సొరంగం పొడవునా వరసగా వస్తాయి. చిగురు గోరంత ఉన్నప్పుడే వేపనూనె కొట్టి పురుగును ఆపకపోతే పైన ఎంత రాగి పూసినా లాభం లేదు. తడి ఆరని తోటలోకి మనుషులను కోతకు పంపకూడదు. బట్టలకూ చేతులకూ అంటుకుని తెగులు చెట్టు నుంచి చెట్టుకు నడిచిపోతుంది. మా తూర్పు గట్టున వేసిన సరుగుడు వరస పెరిగి గాలిని ఆపడం మొదలుపెట్టాక, ఆ పక్కనున్న నిమ్మ వరసల్లో తేడా కంటికి కనిపిస్తోంది. మందుకు పెట్టే ఖర్చులో కొంచెం సరుగుడు నారుకు పెట్టమని ప్రతి కొత్త రైతుకూ చెబుతాను.

కొత్తగా తోట వేసేవాళ్లు రకం దగ్గరే జాగ్రత్త పడవచ్చు. బాలాజీ రకం గజ్జిని చాలావరకు తట్టుకుంటుంది. వెంకటగిరి దగ్గర పెట్లూరులో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి నిమ్మ పరిశోధన స్థానం ఉంది. మొక్కల కోసం, సలహా కోసం ముందు అక్కడ అడగండి. సంతలో చౌకగా దొరికిందని మచ్చలున్న అంటు మొక్క తెస్తే తెగులును మన చేతులతో మనమే నాటినట్టు.

ఈ తెగులును తోటలోంచి పూర్తిగా తుడిచేస్తామని ఎవరైనా మందు అమ్మితే నమ్మకండి. 1827, 1831 మధ్య డెహ్రాడూన్‌లో సేకరించి లండన్ క్యూ తోటల్లో భద్రపరచిన దబ్బజాతి ఆకుల మీద కూడా గజ్జి మచ్చలు దొరికాయి. అంటే దాదాపు రెండు వందల ఏళ్లుగా ఇది మన నేలమీద ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1995 తర్వాత దీన్ని నిర్మూలించాలని, సోకిన చెట్టు చుట్టూ 1,900 అడుగుల దూరంలోని నిమ్మజాతి చెట్లన్నిటినీ కొట్టేశారు. కోటికి పైగా చెట్లు పోయాయి. తుపానులు వచ్చి తెగులును మరింత దూరం చల్లేశాక, 2006లో ఆ ప్రయత్నమే విరమించుకున్నారు. అంత డబ్బు, యంత్రాంగం ఉన్న చోట సాధ్యం కానిది ఒక ప్యాకెట్టుతో మనకు సాధ్యం కాదు. మచ్చ కాయ వాటాను తగ్గించుకోవడమే మన లక్ష్యం. ఆ లక్ష్యానికి ఈ పొడి నిజాయితీగా పనిచేస్తుంది.

మా వైపు వాళ్లకు ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. నెల్లూరు గొర్రెలను తోటల్లో మేపడం మనకు అలవాటు. పశువులన్నిటిలోకీ రాగిని తట్టుకోలేనిది గొర్రె. మందు పడిన గడ్డి పదే పదే మేస్తే రాగి దాని కాలేయంలో పేరుకుని, ఉన్నట్టుండి చచ్చిపోతుంది. మందు కొడుతున్న నెలల్లో మందను తోటలోకి రానివ్వకండి, కాపరికి ముందే కబురు పెట్టండి. ట్యాంకు కడిగిన నీళ్లు కాలువలోకో చెరువులోకో వదలకండి; చేపలకు కూడా ఇది విషమే. కొట్టేవాళ్ల కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ ఉండాలి. పొడి విప్పేటప్పుడు గాలికి లేచి కళ్లు మండుతాయి.

ఎవరు కొనాలి అంటే, చిగురును కనిపెట్టి చూడగలిగినవాళ్లు, కొమ్మ కత్తిరింపు మానని వాళ్లు కొనండి, వానల ముందు రెండు మూడు ప్యాకెట్లు ఇంట్లో పొడిగా దాచుకోండి. తోటకు నెలకొకసారి వచ్చి, కాయ మీద మచ్చ కనబడ్డాక మందు వెతుక్కునేవాళ్లకు ఇది పనికిరాదు. ఆ డబ్బు కత్తిరింపు కూలీలకు ఇస్తే వచ్చే కాపుకైనా మేలు.